కాలి వాపుకు లింఫ్ డ్రైనేజ్ మసాజ్: ఇంట్లో ఎలా చేయాలి

బోదకాలు వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలా ఇళ్ళలో ముందు జరిగేది గట్టి మర్దన. ఆముదమో నువ్వుల నూనో వెచ్చచేసి, పాదం దగ్గర పట్టుకుని, పిక్క మీదుగా తొడ దాకా బలంగా పిండుకుంటూ లాగుతారు. ఈ వాపుకు అది పనికిరాదు, ఒక్కోసారి ఇంకా పెంచుతుంది. లింఫ్ డ్రైనేజ్ మసాజ్ దానికి పూర్తిగా వేరు. ఇందులో నూనె ఉండదు, బలం ఉండదు. మొదలుపెట్టేది పాదం దగ్గర కాదు, మెడ దగ్గర.

ఎందుకంటే, రక్తనాళాల నుంచి బయటకు ఊరిన ద్రవం, దాంతోపాటు వచ్చిన ప్రొటీన్లు లింఫ్ నాళాల ద్వారానే తిరిగి రక్తంలో కలవాలి. ఆ నాళాల్లో పారే ద్రవమే లింఫ్, నాళాలు పాడై అది ఆగిపోతే వచ్చేదే ఈ వాపు. ఆ నాళాల మొదళ్ళు చర్మానికి సరిగ్గా కింద, వెంట్రుకంత సన్నగా ఉంటాయి. వాటి గోడల్ని చుట్టూ ఉన్న కణజాలానికి సన్నటి పోగులు కట్టి ఉంచుతాయి. చర్మాన్ని మెల్లగా సాగదీస్తే ఆ పోగులు గోడను లాగి తెరుస్తాయి, ద్రవం లోపలికి వెళ్తుంది. వదిలితే మూసుకుంటుంది. గట్టిగా నొక్కారంటే నాళమే అణిగిపోతుంది. పైగా ఆ చోటికి రక్తం ఎక్కువ చేరి, ఇంకాస్త నీరు ఊరుతుంది.

రెండు కాళ్ళ లింఫూ గజ్జల్లోని గ్రంథులు, అంటే మనం బిళ్ళలు అనేవి దాటి, కడుపులో వెన్నెముక ముందు నుంచి పైకి వెళ్ళి, ఎడమ మెడ ఎముక (కాలర్ బోన్) వెనక పెద్ద సిరలో కలుస్తుంది. కుడి కాలి నీరైనా ఎడమ పక్కకే చేరాలి. మడిలో నిలిచిపోయిన నీటిని తీయాలంటే ముందు దిగువ కాలువలో అడ్డు తీసి, ఆ తర్వాతే గట్టు తెగ్గొడతాం కదా, ఇక్కడా వరస అదే. ముందు మెడ, కడుపు (శ్వాసతో), తర్వాత చంక, గజ్జ, తర్వాత తొడ, చివరికి పాదం.

డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930లలో ఫ్రాన్స్‌లో ఈ చేతి పద్ధతిని రూపొందించారు. తర్వాత జర్మనీలో ఫోల్డీ దంపతులు చర్మ సంరక్షణ, మసాజ్, కట్టు, వ్యాయామం నాలుగూ కలిపి ఒక చికిత్సగా నిలబెట్టారు. మసాజ్ ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. కట్టు కట్టకుండా మసాజ్ ఒక్కటే చేస్తే, దిగిన వాపు సాయంత్రానికి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఇది ముందే తెలియక చాలామంది వారం రోజులు చేసి వదిలేస్తారు.

ఏ వాపుకు చేయకూడదు

కాలు వాచిన ప్రతివాళ్ళకూ బోదకాలు కాదు. ముఖ్యంగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల వాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. రెండు పాదాలూ ఒకేలా వాచి, పొద్దున్న లేవగానే మొహం, కళ్ళ కింద ఉబ్బుగా ఉంటే ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. కిడ్నీ దెబ్బతిని వచ్చిన వాపుకూ, గుండె బలహీనమై వచ్చిన వాపుకూ ఈ మసాజ్ చేయకూడదు. కాలిలో ఉన్న నీటిని ఒక్కసారిగా రక్తంలోకి పంపితే, ఇప్పటికే అలిసిపోయిన గుండె మీదా కిడ్నీ మీదా ఆ భారం పడుతుంది. ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం ఉన్నా అంతే.

ఒక్క కాలే ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. చేయి పెట్టొద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాలు ఎర్రబడి, మంటతో, చలిజ్వరం వచ్చి, గజ్జలో బిళ్ళ కట్టినప్పుడు కూడా మసాజ్ ఆపేయాలి. అమావాస్యకో పున్నానికో వస్తుందని పెద్దవాళ్ళు చెప్పే ఆ జ్వరం చాలావరకు చర్మంలోని పగుళ్ళ గుండా దూరిన బాక్టీరియా వల్ల వస్తుంది. ఆ రోజుల్లో కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టి, చల్లటి తడిగుడ్డ వేసి, నీళ్ళు బాగా తాగించి, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ వాడాలి. కాపడం పెట్టడం, వాతలు పెట్టడం, పసరు కట్టడం ఏవీ వద్దు. ఎరుపు, నొప్పి, జ్వరం పూర్తిగా తగ్గాకే మళ్ళీ మసాజ్ మొదలుపెట్టాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో యాంటీబయాటిక్ ఇచ్చిన డాక్టరునే అడగండి.

చికిత్స మొదలుకాని క్యాన్సర్ ఉన్నవాళ్ళు డాక్టరు ఒప్పుకోకుండా చేయకూడదు. గర్భిణులు, ఈమధ్యే కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు కడుపు భాగం వదిలేయాలి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు, మెడ రక్తనాళాల్లో పూడిక ఉన్నవాళ్ళు మెడ భాగం వదిలి, శ్వాసతోనే మొదలుపెట్టాలి.

మరి లింఫ్ వాపును ఎలా గుర్తుపట్టాలి? కాలి బొటనవేలి పక్కనున్న రెండో వేలి మొదట్లో, పైచర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపి చూడండి. మడత పడి లేచిందంటే మామూలు. దళసరిగా ఉండి పట్టుకే రాకపోతే లింఫ్ వాపేనని దాదాపు నిర్ధారణ. లేచినంత మాత్రాన లింఫ్ వాపు కాదని మాత్రం అనుకోవద్దు. మొదటి దశలో లేస్తుంది.

ఇంకో మాట. 2004లో బోదకాలు ఎక్కువున్న జిల్లాల్లో మొదలైన మందుల పంపిణీలో ఇచ్చే డీఈసీ మాత్రలు రక్తంలోని, బోదకాలు తెచ్చే ఫైలేరియా సూక్ష్మ పురుగుల్ని తగ్గించి, దోమ ద్వారా ఇంకొకరికి పోకుండా చేస్తాయి. అవి తప్పక మింగాలి. కానీ నాళాలు పాడై ఇప్పటికే వచ్చిన వాపు వాటితో దిగదు. దానికి పని చేతులతోనే.

ముందు కాలు కడగాలి

ఫైలేరియా వాపులో మసాజ్ కంటే ముందు నిలిచేది ఇదే. రెండిట్లో ఒక్కదానికే రోజూ టైమ్ దొరుకుతుందంటే కడగడాన్నే ఎంచుకోండి.

కావలసినవి ఒక టబ్బు, మగ్గు, వాసన తక్కువున్న మామూలు ఒంటి సబ్బు, మెత్తటి పాత కాటన్ తువ్వాలు, యాంటీఫంగల్ క్రీమ్. ఫైలేరియా రోగులకు ఆరోగ్య శాఖ ఇచ్చే కిట్‌లో ఇవే ఉంటాయి, మీ ఆశా కార్యకర్తనో పీహెచ్‌సీలోనో అడగండి. నీళ్ళు గది వేడిలో ఉన్నవే చాలు, వేడినీళ్ళు వద్దు. సబ్బును కాలికి నేరుగా రుద్దకుండా, చేతిలో నురగ చేసి, వాపు మొదలైన పైచోటు నుంచి కిందికి రాయాలి. పీచు, బ్రష్, రాయి వాడొద్దు.

ఇక వేళ్ళ సందులు. ఇక్కడే అసలు పని. వాచిన వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. మెత్తటి గుడ్డపేలికను వేళ్ళ మధ్య పెట్టి అటూ ఇటూ మెల్లగా లాగాలి. సందు లోపల తెల్లగా, నానిన అట్టలా చర్మం పొరలు లేస్తుంటే అది ఫంగస్. పొరను పీకకూడదు. పీకితే కింద ఎర్రటి పచ్చిచర్మం బయటపడి, సరిగ్గా అక్కడి నుంచే బాక్టీరియా దూరుతుంది. చీలమండ దగ్గర చర్మం మడతలు పడి ఉంటే వాటినీ ఇలాగే ఒక్కొక్కటీ విప్పి కడగండి. పోసిన నీళ్ళు తేటగా దిగేవరకు కడిగి, తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. తర్వాత వేళ్ళ మధ్య ఫ్యాన్ గాలి తగిలేలా ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. పూర్తిగా ఆరాకే, ఫంగస్ ఉన్న సందుల్లో క్లోట్రిమజోల్ క్రీమ్ పల్చగా రాయాలి. తడి మీద రాస్తే పాచిపోవడం ఎక్కువవుతుంది. బాగున్న కాలినీ కడగండి, ఫంగస్ అటు కూడా పాకుతుంది.

ఉభాల (వరి నాట్ల) రోజుల్లో మడిలో దిగక తప్పనివాళ్ళు ఇంటికి రాగానే, కాఫీ టీ కంటే ముందు, ఈ పని చేసుకోవాలి. కాలికి తెగిన గాయం ఉంటే ఆ పూట మడిలో దిగొద్దు.

చేయి ఎలా పెట్టాలి

మసాజ్‌కి ముందు కాలి మీద నూనె, క్రీమ్, పౌడర్ ఏదీ ఉండకూడదు. పొడి చర్మం మీద పొడి అరచేయి. పగుళ్ళకు రాసే కొబ్బరినూనె, మాయిశ్చరైజర్ రాత్రి కట్టు విప్పాక రాసుకోండి.

ఒకసారి మీ ముంజేతి మీద అభ్యాసం చేయండి. రెండో చేతి నాలుగు వేళ్ళు కలిపి, చదునుగా, వేళ్ళ చివర్లు గుచ్చుకోకుండా ఆనించండి. చేతి బరువు తప్ప అదనపు ఒత్తిడి వద్దు. ఇప్పుడు వేళ్ళు జరపకుండా, వాటి కింద చర్మాన్ని భుజం వైపు ఎంత సాగుతుందో అంత సాగదీయండి, ఒకటి అనుకునేంతసేపు ఆపి వదిలేయండి. చర్మం దానంతటదే వెనక్కి వస్తుంది. రెండు అనుకున్నాక మళ్ళీ. నిమిషానికి పదో పదిహేనో అవుతాయి, అంతకన్నా తొందర వద్దు. అడుగున కండ చేతికి తగులుతోందంటే ఎక్కువ నొక్కుతున్నట్టు. తీశాక చర్మం ఎర్రబడినా అంతే.

వెనక్కి వచ్చేటప్పుడు చర్మాన్ని మీరు లాగొద్దు. వెళ్ళేటప్పుడు సాగదీయడం, వచ్చేటప్పుడు వదిలేయడం. ఈ తేడా చేతికి పట్టుబడితే మిగతాదంతా వరస గుర్తుపెట్టుకోవడమే.

కాలికి మసాజ్, వరసగా

మూత్రం పోసి వచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. వాచిన కాలి కింద రెండు తలగడలు. బిగుతు లంగా బొందు, బెల్టు, మొలతాడు వదులు చేయండి. మొత్తం పాతిక నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. కింద కుడి కాలికి చెప్పాం, ఎడమ కాలికి పక్క మార్చుకోండి, మెడ మాత్రం ఎప్పుడూ రెండు పక్కలా.

1. శ్వాస. రెండు చేతులూ బొడ్డు మీద. ముక్కుతో పీల్చి పొట్ట లేపాలి, నోటితో మెల్లగా వదులుతూ పొట్ట దిగనివ్వాలి. ఐదుసార్లు, మధ్యలో కాస్త ఆగుతూ. పొట్ట లేచి దిగినప్పుడు లోపలి పెద్ద లింఫ్ నాళం మీద ఒత్తిడి మారి, ద్రవం పైకి కదులుతుంది. తేలిగ్గా కనిపిస్తుందని దీన్ని ఎగ్గొట్టకండి.

2. మెడ. మెడ ఎముక పైన గుంటలో వేళ్ళు చదునుగా పెట్టి, చర్మాన్ని కిందికీ లోపలికీ, గొంతు గుంట వైపు సాగదీసి వదలాలి. రెండు పక్కలా పదేసి సార్లు.

3. చంక, పక్కటెముకలు. కుడి చంక గుంటలో అరచేయి పెట్టి, లోపలికీ పైకీ పదిసార్లు. తర్వాత చంక కింద నుంచి నడుము దాకా ఉన్న పక్కభాగాన్ని మూడు చోట్లుగా అనుకుని, చంకకు దగ్గరున్న చోటు నుంచి మొదలుపెట్టి, ఒక్కోచోట ఏడుసార్లు చంక వైపు సాగదీయండి. ఆపైన తుంటి నుంచి నడుముకు. గజ్జ గ్రంథులు పాడైనా, ఆపరేషన్‌లో తీసేసినా, కాలి నీటికి ఇది పక్కదారి. ఫైలేరియాలో గజ్జ నాళాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి ఈ మెట్టు వదలొద్దు.

4. గజ్జ. తొడా పొట్టా కలిసే మడత కింద చేయి చదునుగా పెట్టి, పొట్ట వైపు పదిహేనుసార్లు. బిళ్ళ నొప్పిగా ఉంటే ఇక్కడే ఆపేయండి, ఆ పూటకు మసాజ్ లేదు.

5. తొడ. లోపలి తొడ చర్మాన్ని ముందుకూ బయటికీ, బయటి తొడ చర్మాన్ని పైకి, తుంటి వైపు. ముందు తొడ పైభాగం, తర్వాత మధ్య, తర్వాత మోకాలి దగ్గర. ఒక్కోచోట ఏడుసార్లు. ప్రతి భాగం అయ్యాక గజ్జ దగ్గరకు వచ్చి రెండు మూడుసార్లు చేసి, మళ్ళీ కిందికి వెళ్ళాలి. కింద నుంచి తెచ్చిన నీరు మధ్యలో ఆగిపోకుండా ఉండేది దీనితోనే.

6. మోకాలు. వెనక గుంటలో రెండు చేతుల వేళ్ళు పెట్టి పైకి పదిసార్లు. తర్వాత మోకాలికి రెండు పక్కలా, చిప్ప పైన.

7. పిక్క, చీలమండ, మీగాలు. ఒక చేయి పిక్క మీద, ఒకటి ముందు ఎముక మీద, రెండూ ఒకేసారి పైకి. మోకాలి కింది నుంచి చీలమండ దాకా మూడు నాలుగు చోట్లు. చీలమండ గుబ్బల చుట్టూ, మడమ నరం రెండు పక్కలా ఉన్న గుంటల్లో బొటనవేళ్ళతో. చివరికి మీగాలు, వేళ్ళు. ఇక్కడ చర్మం గట్టిపడి ఉంటే ఆ ఒక్కచోట పది పన్నెండుసార్లు చేయండి, కానీ బలం పెంచొద్దు.

8. తిరుగు ప్రయాణం. పాదం నుంచి గజ్జ దాకా, ఒక్కోచోట రెండేసి సార్లు మాత్రమే. గజ్జ పదిసార్లు, పక్కభాగం, చంక, మళ్ళీ ఐదు శ్వాసలు.

లేచాక కాసేపట్లో మూత్రం ఎక్కువ వస్తే కంగారు వద్దు. వాపు ఉంది కదా అని నీళ్ళు తాగడం తగ్గించకండి, లింఫ్ వాపు తాగే నీటితో పెరిగేది కాదు.

కట్టు కట్టడం

మసాజ్ అయిన పదిహేను నిమిషాల్లోపే కట్టు పడాలి. మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చే క్రేప్ బ్యాండేజ్ బాగా సాగుతుంది. అది నడుస్తున్నప్పుడు కండతోపాటు సాగిపోయి పట్టు ఇవ్వదు, పడుకున్నప్పుడు మాత్రం బిగిస్తుంది. మనకు కావలసింది దీనికి తలకిందులు. అందుకే 'షార్ట్ స్ట్రెచ్' అని అడిగి కొనండి. మోకాలి కింద వరకైతే 8 సెంటీమీటర్లది ఒకటి, 10 సెంటీమీటర్లవి రెండు సరిపోతాయి. క్రేప్ ఒక్కటే దొరికితే పగలు మాత్రమే, రాత్రి తప్పనిసరిగా విప్పాలి.

షుగర్ ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు, నడిస్తే పిక్క పట్టేసేవాళ్ళు ముందుగా కాలి ధమనుల్లో రక్తం సరిగ్గా పారుతోందో లేదో డాక్టరుతో చూపించుకోవాలి. ధమనులు పూడి ఉన్న కాలికి కట్టు కడితే వేళ్ళు పోతాయి.

పాదాన్ని చీలమండ దగ్గర మూలమట్టంలా నిలువుగా ఉంచాలి. ముందు మెత్తటి కాటన్ గొట్టపు గుడ్డ, దాని మీద దూది పట్టీ. చీలమండ గుంటల్లో దూది కాస్త ఎక్కువ పెట్టి, కాలు కింద సన్నగా పైన లావుగా గరాటు ఆకారంలో వచ్చేలా సరిచేయండి. 8 సెంటీమీటర్ల చుట్టతో వేళ్ళ మొదట్లో రెండు చుట్లు, మడమ కప్పుతూ ఎనిమిది అంకె ఆకారంలో చీలమండ చుట్టూ. తర్వాత 10 సెంటీమీటర్ల చుట్ట, ముందు చుట్టు సగం కప్పుకుంటూ పైకి, మోకాలి మడతకు రెండు వేళ్ళ కింద ఆపాలి. కింద గట్టిగా, పైన వదులుగా కట్టాలని లెక్కలు వేసుకోకండి. లాగే బలం ఒకేలా ఉంచితే, సన్నగా ఉన్న చీలమండ మీద ఒత్తిడి దానంతటదే ఎక్కువగా, లావుగా ఉన్న పిక్క మీద తక్కువగా పడుతుంది.

కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. వేళ్ళు నీలంగా, తిమ్మిరిగా, చల్లగా ఉంటే వెంటనే విప్పేయాలి. వేళ్ళే ఉబ్బుతుంటే పాదం దగ్గర వదులైందని అర్థం. మోకాలి కింద గాడి పడితే చివరి చుట్లు ఒకేచోట మీద మీద పడ్డాయి.

కట్టుతోనే వ్యాయామం చేయాలి, అప్పుడే కండ లోపల నుంచి, కట్టు బయట నుంచి నీటిని నొక్కుతాయి. పాదం పైకీ కిందికీ ఇరవైసార్లు, చీలమండ గుండ్రంగా పదిసార్లు, మడమలెత్తి నిలబడడం పదిసార్లు, రోజుకు మూడు పూటలు. రాత్రి మంచం కాళ్ళ వైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెడితే చాలు, తలగడలు నిద్రలో జారిపోతాయి. రోహిణి కార్తె ఎండల్లో రోజంతా కట్టు భరించలేకపోతే తెల్లారి నుంచి పదకొండింటి దాకా ఉంచి, చల్లబడ్డాక మళ్ళీ కట్టండి. అసలు మానేయడం కంటే అది నయం. కట్టుతో మడిలోకి మాత్రం దిగొద్దు.

వాపు దిగి నిలకడకు వచ్చాక కంప్రెషన్ మేజోడుకు మారొచ్చు. కొలతలు పొద్దున్న, వాపు తక్కువగా ఉన్నప్పుడు ఇవ్వాలి. ఏ క్లాస్, అంటే ఎంత బిగువుది అన్నది డాక్టరో ఫిజియోథెరపిస్టో చెప్పాలి. ఆరు నెలలకు పట్టు వదులవుతుంది, కొత్తది కొనాలి.

రొమ్ము ఆపరేషన్ తర్వాత చేయి వాస్తే

చేయి పెట్టే తీరు అదే, దారి మాత్రం వేరు. గ్రంథులు తీసేసిన చంకలోకి నీటిని తోయకూడదు. శ్వాస, మెడ అయ్యాక, బాగున్న వైపు చంక పదిసార్లు. ఆ తర్వాత ఛాతీ మీదుగా, బాగున్న చంకకు దగ్గర నుంచి మొదలుపెట్టి, వాచిన వైపు నుంచి దానివైపు. తర్వాత వాచిన వైపు గజ్జ పదిసార్లు, చంక కింది పక్కభాగం నుంచి కిందికి, గజ్జ వైపు. అప్పుడు చేయి. పైచేతి లోపలి చర్మాన్ని బయటికి, అక్కడి నుంచి భుజం మీదకు. తర్వాత మోచేతి మడత, ముంజేయి, చేతి వెనక, వేళ్ళు. రేడియేషన్ పడి ఎర్రబడిన చర్మాన్ని ముట్టుకోవద్దు. పలాస, మందస వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఆ చేతికి గ్లోవ్ లేకుండా పని చేయకూడదు. జీడి నూనె పడి పొక్కిన చోట చీము పడితే వాపు ఒక్కసారిగా పెరుగుతుంది.

తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది

కంటి అంచనా మోసం చేస్తుంది, టేపు పెట్టండి. వారానికి ఒకసారి, పొద్దున్న మంచం దిగకముందే, మీగాలు మధ్యలో, చీలమండ దగ్గర, మడమ నుంచి 20, 30, 40 సెంటీమీటర్ల ఎత్తులో చుట్టుకొలతలు తీసి నోటు పుస్తకంలో రాయండి. రెండో కాలివీ రాయాలి. నొక్కితే చొట్టపడే మెత్తటి వాపు మొదటి రెండు మూడు వారాల్లోనే దిగడం మొదలవుతుంది. చెక్కలా గట్టిపడినది నెలలు పడుతుంది. ముడులు, బుడిపెలు చేతితో పోవు, కానీ చర్మం మెత్తబడి జ్వరాలు రావడం తగ్గితే అదే పెద్ద లాభం.

నాలుగు వారాలు చేసినా టేపు కదలకపోతే ముందు కట్టు చూడండి, పది ఇళ్ళలో చూస్తే ఎక్కువ ఇళ్ళలో లోపం అక్కడే దొరుకుతుంది. మధ్యాహ్నానికే జారిపోతోందా? ఉతకకుండా వాడి సాగు పోయిందా? షార్ట్ స్ట్రెచ్ గుడ్డను రెండు రోజులకోసారి సబ్బునీటిలో ఉతికి, పిండకుండా, తాడు మీద వేలాడదీయకుండా, చాప మీద పరిచి నీడలో ఆరబెట్టాలి. వేలాడదీస్తే నీటి బరువుకే సాగిపోతుంది. తర్వాత వేళ్ళ సందులు చూడండి. ఆ రెండూ బాగుండి కూడా చీలమండ కొలత పెరుగుతూనే ఉంటే, ఆ నోటు పుస్తకం పట్టుకుని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ప్రభుత్వ ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగానికి వెళ్ళి, కట్టు మీ చేతే కట్టించి తప్పెక్కడో చూపించమనండి.